ఎం.బి.ఏ. ఎప్పుడు?

మూడవ సంవత్సరం వారి చివరి పరీక్ష ముగిసిన మరునాడు మా అధ్యాపకుల గది గుమ్మం వద్ద కొందరు విద్యార్థులు నిలబడి ఉంటారు. పరీక్ష ఎట్లా వ్రాశారో చెప్పటానికి వచ్చినవారు కారు. ఒకరి చేతిలో ఐసెట్ ప్రకటన కాగితం, మరొకరి ఫోనులో దాని ఛాయాచిత్రం ఉంటుంది. "సార్, ఎం.బి.ఏ.లో చేరమంటారా?" అని ఒకప్పుడు అడిగేవారు. ఈ మధ్య ప్రశ్న మారింది. "ఇప్పుడే చేరమంటారా, రెండేండ్లు ఉద్యోగం చేసి ఆ తరువాత చేరమంటారా?" అని అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకంటె ఈ రెండవ ప్రశ్న చాల మంచిది, చాల కష్టమైనది కూడా.

ఈ ప్రశ్న తెలుగు చెప్పేవారిని అడగటమేమిటని కామర్సు శాఖలోని మిత్రులు నవ్వుతారు. వారి నవ్వు న్యాయమే. మేము ఎం.ఏ. తెలుగు చదివినవారము, చిట్టా ఆవర్జాలు ఎన్నడూ వ్రాసి ఎరుగము. కాని గుమ్మానికి అతి సమీపంలో ఉన్న కుర్చీ మాది. అందుచేత మొదటి ప్రశ్న మా మీదనే పడుతుంది. ఇన్నేండ్లుగా ఆ కుర్చీలో కూర్చుని ఎవరికి ఏమి చెప్పామో, చెప్పినందువల్ల ఏమయిందో కొంత గమనించాము. ఒకచోట మా సలహా వల్ల నష్టం కూడా జరిగింది. దానిని దాచి మిగిలినవి చెప్పటం సబబు కాదు గనుక, అది కూడా ఈ వ్యాసంలోనే వస్తుంది.

తెలుగునాట ఈ చదువు కొత్తది కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం 1908లో ఆరంభించిన ఈ విద్యను మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే చేపట్టింది. కలకత్తా, అహమ్మదాబాదులలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటులు 1961లో వెలిశాయి. అయినప్పటికీ చాలాకాలం అది పెద్ద కంపెనీలవారి బిడ్డలకు, ఇంగ్లీషు బాగా వచ్చినవారికి సంబంధించిన చదువుగానే ఉండిపోయింది. పాతబస్తీ గల్లీలలోకి ఆ మూడక్షరాలు రావటానికి కారణాలు వేరు. ఐసెట్ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ఒకటి, ఊరూరా లేచిన ప్రైవేటు కళాశాలలు మరొకటి, 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు ఇంకొకటి. 2007 నాటి చట్టంతో బి.సి.-ఇ వర్గానికి లభించిన నాలుగు శాతం రిజర్వేషను కూడా మనవారికి తోడయింది. ప్రవేశపరీక్ష కూడా భయపడవలసినంతటిది కాదు. నూట యాభై నిమిషాలలో రెండువందల ప్రశ్నలు. అందులో డెబ్బై అయిదు విశ్లేషణకు, డెబ్బై అయిదు గణితానికి, యాభై ఇంగ్లీషు సామర్థ్యానికి. మొదటి రెండు భాగాలలో ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి.

దారి ఇంత సుగమం కావటం మంచిదే. కాని సుగమమైన దారికి ఒక గుణం ఉన్నది. ఎక్కడికి పోతున్నామని అడగకుండానే మనుషులు దానివెంట నడుస్తారు. బి.కాం. మూడవ సంవత్సరం తరువాత నాలుగవ సంవత్సరం వచ్చినట్లుగా ఎం.బి.ఏ. వస్తున్నది. "ఎందుకు చేరుతున్నావు?" అని అడిగితే మాకు ఎక్కువగా వినిపించిన సమాధానం "ఖాళీగా ఉండటం ఎందుకు సార్" అన్నది. ఇంట్లో పెద్దలు కూడా అదే అంటారు. ఉద్యోగం దొరకలేదన్న మాట చుట్టాలతో అనటం కంటె, అబ్బాయి ఎం.బి.ఏ. చేస్తున్నాడనటం గౌరవంగా ఉంటుంది. రెండేండ్ల తరువాత అదే ప్రశ్న అదే గుమ్మంలో మళ్ళీ నిలబడుతుంది. ఈసారి దాని వయస్సు రెండేండ్లు ఎక్కువ.

కనుక మా అభిప్రాయం ముందే చెప్పివేస్తాము. సామాన్యంగా, మగపిల్లవాడు, ఇంటిలో అన్నానికి లోటు లేనివాడు, చేయటానికి ఏదో ఒక పని దొరికేవాడు డిగ్రీ కాగానే ఎం.బి.ఏ.లో చేరకూడదు. రెండు మూడు సంవత్సరాలు పనిచేసి చేరవలె. ఈ వాక్యంలో ఎన్ని షరతులు ఉన్నవో పాఠకులు గమనించే ఉంటారు. ఆ షరతులలోనే అసలు చిక్కు ఉన్నది. ముందు నియమానికి కారణం చెప్పి, తరువాత షరతుల దగ్గరకు వస్తాము.

ఎం.బి.ఏ. తరగతి మన బి.కాం. తరగతి వంటిది కాదు, కనీసం కాకూడదు. ఒక సంస్థలో నిజంగా వచ్చిన సమస్యను కాగితం మీద పెట్టి, "నీవే ఆ మేనేజరువైతే ఏమి చేస్తావు?" అని అడిగి చర్చింపజేయటం ఈ విద్యలో ప్రసిద్ధమైన పద్ధతి. హార్వర్డులో అది వందేండ్ల నాటినుంచి సాగుతున్నది. ఆ పద్ధతికి ముడిసరుకు విద్యార్థి అనుభవమే. ఎవరికీ ఒక బిల్లు వ్రాయనివాడు, ఒక్క బాకీ వసూలుకు పోనివాడు, పై అధికారి కోపాన్ని ఒక్కనాడూ భరించనివాడు ఆ చర్చలో ఏమి చెప్పగలడు? పుస్తకంలో ఉన్నది చెబుతాడు. ప్రక్కవాడూ అదే పుస్తకం చదివినవాడే. అందుచేతనే అమెరికాలోని పెద్ద బిజినెస్ స్కూళ్ళలో చేరేవారు మామూలుగా నాలుగైదేండ్లు పని చేసి వచ్చినవారై ఉంటారు. మన హైదరాబాదులోనే 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తన ఏకవర్ష కార్యక్రమానికి రెండు సంవత్సరాల ఉద్యోగానుభవం కోరుతూ వచ్చింది. అది వట్టి ఆడంబరం కాదు. ఆ చదువు ఆ అనుభవం మీదనే నిలుస్తుంది.

మా విద్యార్థులిద్దరి సంగతి చెబుతాము. ఇద్దరూ ఒకే సంవత్సరం బి.కాం. ముగించారు. ఒకడు వెంటనే ఎం.బి.ఏ.లో చేరాడు; మార్కులలో ముందున్నవాడు అతడే. రెండవవాడు ఆబిడ్స్‌లో ఒక పన్నుల సలహాదారు కార్యాలయంలో కుదిరాడు. 2017 జూలై ఒకటవ తేదీన జి.ఎస్.టి. అమలులోకి వచ్చినప్పుడు అతడు ఆ కుర్చీలోనే ఉన్నాడు. చిన్న వర్తకులు సంచుల నిండా రసీదులు పట్టుకుని వచ్చి, ఏ సరుకు ఏ రేటు క్రిందికి వస్తుందో తెలియక తలలు పట్టుకున్న రోజులవి. రాత్రి పదింటి వరకు కూర్చుని రిటర్నులు దాఖలు చేశాడు. మూడేండ్ల తరువాత అతడు ఎం.బి.ఏ. ఫైనాన్సులో చేరి, మొదటి సెమిస్టరు మధ్యలో మమ్ము చూడవచ్చాడు. "సార్, సరుకు అమ్ముడవుతున్నా దుకాణాలు ఎందుకు మూతబడతాయో నాకు అప్పుడు అర్థమయ్యేది కాదు. వర్కింగ్ కాపిటల్ పాఠం విన్నప్పుడు నాకు నలుగురు సేఠుల ముఖాలు కనబడ్డవి" అన్నాడు. అదే పాఠం మొదటివాడు కూడా విన్నాడు, పరీక్షలో బాగా వ్రాశాడు. అతనికి ఎవరి ముఖమూ కనబడలేదు.

ఇక లెక్క. మేము వేసే లెక్క కామర్సు వారికి హాస్యాస్పదం కావచ్చు, అయినా వేస్తాము. ఇవి ఊహకు తీసుకున్న అంకెలే సుమా. డిగ్రీ కాగానే నెలకు రూ. 18,000 ఉద్యోగం దొరికే అవకాశం ఉన్నదనుకుందాము. దానిని వదలి రెండేండ్లు చదివితే పోయే జీతం రూ. 4,32,000. ఫీజు లక్ష అనుకుంటే మొత్తం రూ. 5,32,000. ఎం.బి.ఏ. తరువాత అనుభవం లేని కుర్రవానికి రూ. 25,000 ఇస్తారనుకుంటే, నెలకు పెరిగినది ఏడువేలు. పెట్టినది తిరిగి రావటానికి డెబ్బై ఆరు నెలలు, అంటే ఆరేండ్లు దాటుతుంది. అదే మనిషి కొన్నాళ్ళు పనిచేసి రూ. 22,000 జీతానికి చేరిన తరువాత చదువుకు పోతే, పోయేది ఎక్కువే: ఫీజుతో కలిపి రూ. 6,28,000. కాని అనుభవం ఉన్న పట్టభద్రునికి రూ. 35,000 వస్తే పెరుగుదల పదమూడు వేలు. నాలుగేండ్లలో పెట్టుబడి చేతికి వస్తుంది. అంకెలు మార్చి మీ మీ ఇంటి లెక్క మీరే వేసుకోవచ్చు. మా అనుభవంలో చేరకముందు ఈ లెక్క వేసినవారు బహు తక్కువ. ఫీజు ఎంత అని అడుగుతారు. పోయే జీతం ఎంత అని అడగరు.

అయితే ఏ పని చేసినా అనుభవమేనా? కాదు. ఒకే పట్టికలో ఒకే రకం అంకెలు మూడేండ్లపాటు నింపినవానికి ఉన్నది మూడేండ్ల అనుభవం కాదు, ఒక నెల అనుభవం ముప్పైఆరుసార్లు. జీతం కొద్దిగా తక్కువైనా సరుకు కొనటం, అమ్మటం, బాకీ, వసూలు, మనుషులతో మాట్లాడటం కనబడే చోట పనిచేయటం మేలు. మనవారిలో చాలమందికి అట్టి చోటు ఇంటిలోనే ఉన్నది. దాని విలువ వారికే తెలియదు.

లాడ్‌బజారులో గాజుల దుకాణం ఉన్న ఒక పెద్దమనిషి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన ఉర్దూలో అన్న మాటకు తెలుగు ఇది: "వీడు దుకాణంలో కూర్చుంటే నాకు ఒక పనివాని జీతం మిగులుతుంది. చదివిస్తాను, వద్దనను. చదివిన తరువాత దుకాణంలో కూర్చుంటాడా? అది చెప్పండి." కుర్రవాడు తల వంచుకున్నాడు. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పత్రికలలో వచ్చింది, మనమందరం సంతోషించాము. కాని ఆ గుర్తింపును అమ్మకంగా మార్చటం ఎట్లా, రంజాను నెల రద్దీకి సరుకు ఎప్పుడు సిద్ధం చేయించవలె, ఉద్దెర ఎవరికి ఇవ్వవచ్చు, కొలిమి దగ్గర కూర్చుని లక్క కరగించే కారీగరుకు గిట్టుబాటు ఎట్లా కలుగుతుంది అన్నవి ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్నలు. రెండేండ్లు దుకాణంలో కూర్చోమని, ఇటువంటి ప్రశ్నలు ఒక నోటుపుస్తకంలో వ్రాసుకుని ఆ పుస్తకంతో ఎం.బి.ఏ.లో చేరమని ఆ అబ్బాయికి చెప్పాము. తండ్రిగారికి ఆ మాట నచ్చింది. అబ్బాయికి అంతగా నచ్చలేదు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని గచ్చిబౌలి బస్సు ఎక్కవలెనని అతని కోరిక. అది తప్పని మేము అనలేము. మేము కూడా ఒకప్పుడు తండ్రి వృత్తి వద్దని పుస్తకాలు పట్టుకున్నవారమే.

అప్పు సంగతి చెప్పక తప్పదు. మన ఇళ్ళలో చాలమంది వడ్డీ అన్న మాట వినగానే బ్యాంకు మెట్లు దిగివచ్చేస్తారు. ధర్మనిర్ణయం చేయటానికి మేము ఆలిములము కాము. ఆ సంశయం ఉన్నవారు తెలిసినవారినే అడగవలె. అప్పుకు సమ్మతించేవారికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి వంటి పథకాలు ఉన్నవి. ఎంపికైన ఉత్తమ సంస్థలలో సీటు సంపాదించిన వారికి మాత్రమే అది వర్తిస్తుంది. అప్పు వద్దనుకునేవారికి రెండు మూడేండ్ల జీతంలో మిగిల్చిన సొమ్ము ఒక గౌరవమైన దారి. ముందు పని, తరువాత చదువు అనటానికి ఇది కూడా ఒక బలమైన కారణం. విదేశాలలో చదవదలచిన వారికి తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన మైనారిటీల విదేశీ విద్యా పథకం ఉన్నది. ఇరవై లక్షల వరకు సాయం చేస్తారు. ముప్పైఅయిదేండ్ల లోపు వయస్సు ఉండవలె. అంటే కొన్నేండ్లు పని చేసి వెళ్ళేవారికి కూడా అందులో చోటు ఉన్నది.

ఇంతవరకు వ్రాసినది చదివి, రెండేండ్లు ఆగటమే సర్వదా మంచిదని ఎవరైనా అనుకుంటే వారు మేము 2018లో అనుకున్నట్లే అనుకుంటున్నారన్న మాట.

ఆ సంవత్సరం మా కళాశాలలో చదివిన ఒక అమ్మాయికి ఐసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కన్వీనరు కోటాలో మంచి కళాశాలలోనే సీటు వచ్చేది. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా అర్హురాలే. తండ్రి ఆటో నడుపుతారు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ వచ్చి సలహా అడిగారు. మేము అప్పుడే ఈ విషయమై కొంత చదివి, పై లెక్కలన్నీ మనస్సులో నింపుకుని ఉన్నాము. "తొందరేమున్నది? రెండేండ్లు ఎక్కడైనా అకౌంట్సు పని చేయి. అనుభవంతో చేరితే చదువు వంటబడుతుంది" అని చెప్పాము. మాట చాల ధీమాగా చెప్పామని కూడా జ్ఞాపకం. ఆ తండ్రి మా మాటను పెద్దవారి మాటగా గౌరవించారు. ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లుల విభాగంలో చేరింది. ఎనిమిది నెలలకు నిజామాబాదు సంబంధం వచ్చింది. మంచి సంబంధం, అబ్బాయి నెమ్మదైనవాడు, ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. చదువుతూ ఉన్న పిల్ల అయితే "చదువు కానివ్వండి, ఆ తరువాత చూద్దాము" అనటానికి తండ్రికి ఒక మాట ఉండేది. ఉద్యోగం చేస్తున్న పిల్లకు ఆ మాట లేదు. ఉద్యోగం ఎప్పుడైనా మానవచ్చు గదా అన్నారు. ఆమె మానింది. ఐసెట్ ర్యాంకు ఆ ఒక్క సంవత్సరానికే చెల్లుతుంది.

2023లో ఆమె తన చెల్లెలి ప్రవేశం కోసం మళ్ళీ మా కళాశాలకు వచ్చింది. చంకలో బిడ్డ. మేము ఆ సలహా సంగతి ఎత్తి విచారం వెలిబుచ్చాము. ఆమె నొచ్చుకోలేదు. "మీరు చెప్పినదానిలో తప్పు లేదు సార్. రెండేండ్లు ఆగమన్నారు. ఆ రెండేండ్లు నా చేతిలో లేవు, అంతే" అన్నది. ఆ మాట విన్న తరువాత చాల రోజులు మాకు ఆ కుర్చీలో కూర్చోవటం కష్టమయింది.

అప్పుడు తెలిసినదేమంటే, రెండేండ్లు ఆగమన్న నియమం ఎవరిని చూసి ఏర్పడిందో మేము ఆలోచించలేదు. ఆ రెండేండ్లు తమ సొంతమైనవారిని చూసి ఏర్పడింది. అట్టివారికి సీటు ఇవాళ కాకపోతే రేపు ఉంటుంది, తండ్రి మనస్సు ఇవాళ ఎట్లా ఉన్నదో రేపూ అట్లాగే ఉంటుంది. మన సమాజంలో ఎందరి పరిస్థితి అటువంటిది? సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికలో దేశంలోని అన్ని ఐ.ఐ.ఎం.లలో కలిపి ఉన్న 4,743 మంది విద్యార్థులలో ముస్లిములు 63 మంది మాత్రమే అని లెక్క తేల్చింది. నూటికి ఒకరు, ఆపైన కొంచెం. ఇరవై ఏండ్లు దాటిన ముస్లిములలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు నూటికి నలుగురు కూడా లేరని కూడా అదే నివేదిక చెప్పింది. ఆ అంకెలు పాతబడ్డవి, పరిస్థితి కొంత మారి ఉండవచ్చు. కాని అటువంటి అంకెలు వచ్చిన సమాజంలో తెరచి ఉన్న తలుపు ముందు నిలబడిన పిల్లతో "రెండేండ్ల తరువాత రా" అనటానికి చాల ధైర్యం కావలె. మేము ఆ ధైర్యం చేశాము. దాని మూల్యం మేము చెల్లించలేదు.

పథకాలు కూడా మనుషుల మనస్సుల వంటివే, నిలుస్తాయన్న నమ్మకం లేదు. విదేశీ విద్యకు మైనారిటీ విద్యార్థులు తీసుకున్న అప్పు మీద వడ్డీ భారాన్ని కేంద్రం భరించిన 'పఢో పర్‌దేశ్' పథకం 2022-23 నుంచి నిలిచిపోయింది. దానిని నమ్ముకుని "ఇంకొంచెం సంపాదించి వెళతాను" అనుకున్నవారికి అది వార్తాపత్రికలో తెలిసింది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నది నిజమే. సొమ్ము ఆలస్యంగా రావటం, ఆ బాకీ తీరేవరకు కొన్ని కళాశాలలవారు విద్యార్థి అసలు పత్రాలు పట్టుకుని కూర్చోవటం కూడా నిజమే. ఇంకొక సూక్ష్మం. ఆ పథకానికి మైనారిటీ కుటుంబపు వార్షికాదాయం నగరంలో రెండు లక్షలు, గ్రామంలో లక్షన్నర దాటకూడదు. నెలకు రూ. 18,000 అంటే సంవత్సరానికి రూ. 2,16,000. కుటుంబాదాయంలో బిడ్డ జీతం కూడా చేరిస్తే ఆ ఒక్క జీతమే హద్దు దాటుతుంది. పని చేసి చేరదలచినవారు ఈ సంగతి ముందుగానే విచారించుకోవలె.

అందుచేత ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే వెనుకటివలె వెంటనే సమాధానం చెప్పటం లేదు. మేమే అడుగుతున్నాము. ఇంటిలో చదువు విషయం నిర్ణయించేది ఎవరు? వారు ఇవాళ సరే అన్నారా? రెండేండ్ల తరువాత కూడా సరే అంటారని నీవు నమ్ముతున్నావా? ఇంటిలో ఇంకెవరి పెండ్లి, ఇంకెవరి చదువు వరుసలో ఉన్నది? ఈ మాటలు అడుగుతుంటే ఒక ఆడపిల్ల ముఖంలోనే సమాధానం కనబడుతుంది. తలుపు ఇవాళ తెరచి ఉండి, రేపటి సంగతి ఎవరూ చెప్పలేని ఇల్లయితే, అనుభవం లేకపోయినా సరే, లెక్క ఆరేండ్లు వచ్చినా సరే, ఇప్పుడే చేరమని చెబుతున్నాము. లెక్కలో జీతం ఉన్నది గాని, పట్టా చేతిలో ఉన్న స్త్రీకి ముప్పైఅయిదేండ్ల వయస్సులో మళ్ళీ పనిలోకి వచ్చే వీలు ఎంత విలువైనదో ఆ లెక్కలో లేదు. ఆడపిల్లలందరి ఇళ్ళూ ఒకే తీరుగా ఉండవు. తల్లి ఉద్యోగస్థురాలు అయిన ఇంటి అమ్మాయి ఒకతె మూడేండ్లు నిశ్చింతగా పనిచేసి నిరుడు చేరింది. ఆమెకు ఆగటమే మంచిదయింది.

దీనికి సరిగా ఎదురుగా మరొక ఇల్లు ఉన్నది. తండ్రి మంచాన పడ్డాడు, తరువాత ముగ్గురు చిన్నవారు, పెద్దకొడుకు డిగ్రీ ముగించాడు. అతడు మా దగ్గరకు సలహాకు రాడు. మార్కుల పట్టికకు వచ్చి వెళ్ళిపోతాడు. పిలిచి కూర్చోబెట్టి చెప్పవలసినది అతనికే. చదువు పోయిందని అతడు అనుకోనక్కరలేదు. ఉద్యోగం చేస్తూ చదవటానికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. 1982లో మన రాష్ట్రంలోనే వెలిసి, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనే ఎం.బి.ఏ. ఉన్నది, ఈ సంగతి మా ఉర్దూ విభాగపు విద్యార్థులలోనే చాలమందికి తెలియకపోవటం మాకు ఆశ్చర్యం కలిగించింది. ఇంట్లో కూర్చుని సార్వత్రిక విధానంలో చదివిన పట్టాకు, తరగతిలో కూర్చుని సంపాదించిన పట్టాకు కంపెనీలవారు ఒకే విలువ ఇస్తారని మేము చెప్పము. కాని పదేండ్లు పని చేసినవానికి పై పదవి దగ్గర ఆ కాగితం అడ్డుపడకుండా చూస్తుంది.

అనుభవం లేకుండా ఇప్పుడే చేరేవారికి ఒక్క మాట చెప్పి ముగిస్తాము. రెండేండ్ల చదువులో ఎనిమిది వారాలో, అంతకు కొంచెం అటూ ఇటూయో ఒక సంస్థలో పనిచేసి ప్రాజెక్టు నివేదిక వ్రాయవలసి ఉంటుంది. మీకు లేని అనుభవాన్ని కొంతైనా సంపాదించుకొనే చోటు అదొక్కటే. దానిని జిరాక్సు దుకాణంలో పేరు మార్చి అట్ట వేయించి కొనుక్కుంటున్నారు. ఇది రహస్యం కాదు. అధ్యాపకులకు తెలుసు, దుకాణదారునికి తెలుసు, ధర కూడా తెలుసు. గాజుల దుకాణమైనా, మందుల టోకు వ్యాపారమైనా, మీ మేనమామగారి ఫర్నిచరు కార్ఖానా అయినా సరే, ఆ వారాలు అక్కడ నిజంగా కూర్చుని మీ చేతితో లెక్క వ్రాయండి. పెద్ద కంపెనీ పేరు అట్ట మీద లేకపోతే మార్కులు తగ్గుతాయని భయపెట్టేవారు ఉంటారు. కొంచెం తగ్గనివ్వండి.

ఆ అమ్మాయి చెల్లెలు ఇప్పుడు మా వద్దనే బి.కాం. చివరి సంవత్సరంలో ఉన్నది. మొన్న గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. ఏమి అడగబోతున్నదో మాకు తెలుసు. మేము ముందుగా అడిగినది ఆదాయ ధ్రువపత్రం గురించి. మీ-సేవలో దరఖాస్తు పెట్టిన తరువాత ఆ పత్రం చేతికి రావటానికి రోజులు పడుతుంది. కౌన్సెలింగు నాటికి దాని కోసం పరుగెత్తటం మంచిది కాదు. ఇంకా దరఖాస్తు చేయలేదన్నది. తండ్రిగారిని తీసుకుని సోమవారం రమ్మన్నాము. ఈ సంవత్సరం ఐసెట్‌కు కూర్చోదలచిన మిగిలిన విద్యార్థినీ విద్యార్థులు కూడా ఆ రోజునే పత్రాలు తెచ్చుకోవచ్చును. మధ్యాహ్నం రెండు గంటల తరువాత మాకు తరగతులు లేవు.